చెర్నకోల అల్లుదామా?

ఈ పూట మీతో ఒక వింత సరదా గురించి మాట్లాడదామని వచ్చాను. తోలు వార్లతో చెర్నకోల అల్లే సరదా. అవును, మీరు సరిగ్గానే విన్నారు. ఎడ్లబండి మీద కూర్చున్న మనిషి చేతిలో ఉండేదే, ఆ చెర్నకోల. దాన్ని మన చేతులతో మనం అల్లుకోవడం. అమ్ముకోవడానికి కాదు. బతుకుదెరువుకూ కాదు. ఊరికే, ఇష్టం కొద్దీ.

మాది ఎల్లారెడ్డిపేట. సిరిసిల్ల నుంచి కామారెడ్డి పోయే తొవ్వలో వస్తుంది. ఈ ముచ్చట మా ఊళ్లో ఎత్తితే ముందు నవ్వుతారు. "ట్రాక్టర్లు వచ్చినంక చెర్నకోలతోని ఏం పని సారూ? ట్రాక్టరును కొడ్తవా?" అని అడుగుతారు. నేనూ నవ్వుతాను. వాళ్లన్నది నిజమే, దాంతో ఇప్పుడు పని లేదు. పని లేదు గనుకే తీరిగ్గా, తొందర లేకుండా, బాగా చేయవచ్చు. కల్లం కాడికి బండి కట్టాలన్న తొందరలో అల్లేవాడికి ఆ భాగ్యం ఉండేది కాదు.

ఈ సరదా గురించి నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒకే ఒక్క మాట. ముందే చెప్పేస్తాను, మధ్యలో ఇంకో రెండుసార్లు గుర్తు చేస్తాను. అల్లడం తేలిక. తోలు వారు కోయడం కష్టం. ఆ కష్టమైన పని తెలిసినవాళ్లు దూరదేశంలో లేరు. మన ఊళ్లోనే, మన వాడకట్టు దాటితే కనిపించేంత దగ్గర్లోనే ఉన్నారు.

ముందు అసలు కొరడా సంగతి చూద్దాం. మన దిక్కు కొరడా ఒక్క రకం కాదు. బండి తోలేవాళ్లది చెర్నకోల. సన్నటి వెదురు కర్ర, దాని కొసకు తోలు వారు. బోనాల పండుగలో పోతరాజు చేతిలో ఉండేది ఈరగోల. అది తోలు కాదు, లావుగా పేనిన తాడు. ఆషాఢం వచ్చిందంటే గోల్కొండ నుంచి లష్కర్ దాకా ఒళ్లంతా పసుపు పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, పోతరాజులు దాన్ని గిరగిరా తిప్పుతూ అమ్మవారి ముందు నడుస్తారు. డప్పు దరువూ ఈరగోల చప్పుడూ కలిసిపోతాయి.

ఇక మూడో కొరడా ఒకటుంది. దాన్ని తలుచుకోకుండా ఈ ప్రాంతంలో కొరడా గురించి మాట్లాడటం నాకు నిజాయితీ అనిపించదు. అది దొరల కాలం నాటి కొరడా. మన పల్లెల్లో వెట్టి నడిచిన రోజుల్లో తోలుపని చేసే కుటుంబాలు దొర ఇంటికి చెప్పులూ, వార్లూ, మోట బొక్కెనలూ పైసా తీసుకోకుండా చేసి ఇవ్వాల్సి వచ్చేది. కొరడా అల్లినవాడి వీపు మీదనే ఆ కొరడా పడ్డ రోజులున్నాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా కదిలి వచ్చి జైత్రయాత్ర చేశారంటే, దాని వెనక ఉన్న కోపాల్లో వెట్టి మీది కోపం ఒకటి. సిరిసిల్ల పల్లెలదీ అదే కథ. అందుకే ఈ వస్తువును చేతిలోకి తీసుకునే ముందు, దాన్ని చేసినవాళ్లెవరో, వాళ్లకు మనం ఏమిచ్చామో ఒక్కసారి తలుచుకోవాలి. తలుచుకుని, ఆ తర్వాత పనిలోకి దిగాలి.

సరే. చెర్నకోల చెళ్లుమంటుంది కదా, ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎద్దుకు తగిలితే వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. నేలకు తగిలితే వస్తుందనుకుంటారు. అదీ కాదు. మంచి బండివాడు చెర్నకోలను ఎడ్ల నెత్తి మీద గాలిలోనే పేలుస్తాడు. వారు ఎడ్లను తాకదు. చప్పుడు వినగానే ఎడ్లు అడుగు ముందుకు వేస్తాయి. మరి గాలిలో ఏం పేలింది?

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. కర్రను విదిలించినప్పుడు వారులో ఒక మెలిక పుడుతుంది. ఆ మెలిక పిడి దగ్గర బయలుదేరి కొస వైపు పరుగెడుతుంది. చెర్నకోల పిడి దగ్గర లావు, కొస దగ్గర సన్నం. మెలిక ముందుకు పోతున్న కొద్దీ మోయాల్సిన బరువు తగ్గుతుంది. చేతితో ఇచ్చిన ఊపు మాత్రం అదే. బరువు తగ్గితే వేగం పెరగాలి కదా. అట్లా పెరిగి పెరిగి, కొసకు చేరేసరికి ఆ వేగం గాలిలో ధ్వని పరుగెత్తే వేగాన్ని దాటిపోతుంది. ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. యుద్ధ విమానం ధ్వని వేగాన్ని దాటినప్పుడు ఆకాశంలో ఢామ్మని వినిపించే చప్పుడు, చెర్నకోల కొసన చెళ్లుమనే చప్పుడు, రెండూ ఒక జాతివే. విమానాలు పుట్టక ముందే, చదువూ సంధ్యా లేనివాడని మనం అనుకున్న బండివాడు రోజూ పొద్దున్నే ధ్వని వేగాన్ని దాటిస్తూ చెలకకు పోయాడన్నమాట!

దీంట్లో ఒక గమ్మత్తు ఉంది. శాస్త్రవేత్తలు వేగంగా ఫొటోలు తీసే కెమెరాలతో చూస్తే, చప్పుడు పుట్టే క్షణానికి కొస ధ్వని వేగానికి ఇంచుమించు రెండింతల వేగంతో పోతోందని తేలింది. మరి ఒక ఇంత దాటినప్పుడే చప్పుడు రావాలి కదా, రెండింతల దాకా ఎందుకు ఆగింది? ఈ చిక్కుముడిని 2002లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో అలెన్ గోరియెలీ, టైలర్ మెక్‌మిలన్ అనే ఇద్దరు గణితవేత్తలు విప్పారు. చప్పుడు చేసేది కొస కాదు, మెలిక. మెలిక ధ్వని వేగాన్ని అందుకునే సమయానికి కొస దానికి రెండింతల వేగంలో ఉంటుంది. అంతే సంగతి.

ఈ లెక్కంతా మనకెందుకు? ఎందుకంటే అల్లేవాడికి ఇదే ప్రాణం. పిడి దగ్గర లావు, కొస దగ్గర సన్నం. మధ్యలో ఎక్కడా ఎగుడుదిగుడు ఉండకూడదు. లావు నుంచి సన్నానికి ఒకే తీరుగా జారాలి. ఒక్క చోట ముడిలాగా లావెక్కినా, ఒక్క చోట సన్నబడి మళ్లీ లావైనా, మెలిక అక్కడ తడబడుతుంది. చప్పుడు చచ్చిపోతుంది. మరి ఆ జారుడు ఎట్లా వస్తుంది? అల్లికలో రాదు. కోతలో వస్తుంది. వారు కోసేటప్పుడే ఒక కొస వెడల్పుగా, ఇంకో కొస సన్నంగా రావాలి. అందుకే చెప్పాను, అల్లడం తేలిక, వారు కోయడం కష్టం అని.

వారు కోయాలంటే ముందు తోలు తెలియాలి.

మన ఊళ్లలో లంద అనే మాట పెద్దవాళ్లకు తెలుసు. తోళ్లు నానబెట్టి ఊనే చోటు. ఊరికి దూరంగా, నీళ్ల దరిదాపుల్లో ఉండేది. పచ్చితోలు తెచ్చి, సున్నం నీళ్లలో నానేసి, వెంట్రుకలు గీకి, లోపలి మాంసపు పొర తీసి, కడిగి, ఆపైన తంగేడు చెక్క నానిన నీళ్లలో ఊరేసేవాళ్లు. కొన్ని చోట్ల తోలునే సంచిలా కుట్టి, లోపల చెక్క నింపి, నీళ్లు పోసి, కొమ్మకు వేలాడదీసేవాళ్లు. తంగేడు చెక్కలోని వగరు తోలు లోపలికి ఇంకుతుంది. అది ఇంకితే తోలు ఇక కుళ్లదు. ఒకటి రెండు రోజుల్లో తెమిలే పని కాదు, వారాలు పడుతుంది. ఆ వాసన భరించి, ఆ సున్నంలో చేతులు పెట్టి, చర్మం పగిలిపోయినా చేశారు.

తంగేడు అనగానే అక్కచెల్లెళ్లకు ఏం గుర్తొస్తుంది? బతుకమ్మ. పసుపుపచ్చటి తంగేడు పువ్వు. ఇప్పుడది మన రాష్ట్ర పుష్పం. ఆ పువ్వును మనం నెత్తిన పెట్టుకుని మొక్కాం. అదే చెట్టు చెక్కతో పని చేసిన మనిషిని ఊరి అవతల ఉంచాం. ఇది నా మనసులో గుచ్చుకునే సంగతి గనుక చెబుతున్నాను, మీకు బాధ కలిగితే ఏమీ అనుకోకండి.

ఆ లందల్లో ఊనిన తోలు లేకపోతే వ్యవసాయం నడిచేదే కాదు. కరెంటు మోటర్లు రాకముందు బావి నుంచి నీళ్లు తోడింది మోట. మోట బొక్కెనకు తోలు కావాలి, దాని కింది తొండానికీ తోలు కావాలి. కాడికి వార్లు, ఎడ్ల మెడలకు గంటల పట్టెడలు, కాళ్లకు చెప్పులు, పండుగకు డప్పు. అన్నీ తోలే. ప్రతిగా పంట ఇంటికి వచ్చే ముందు కల్లం కాడ మేర కొలిచి ఇచ్చేవాళ్లు. మోట పోయింది. దాంతో లంద పూడింది. ఇప్పుడు తోళ్లు లారీల్లో తమిళనాడు వైపు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట లాంటి ఊళ్ల టానరీలకు పోతున్నాయి.

సరదాగా నేర్చుకునేవాళ్లు తోలు కొనేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. మొదటిది, చెట్టు చెక్కతో ఊనిన తోలు అడగండి. ఈ రోజుల్లో ఎక్కువ తోలు క్రోమియం మందుతో ఊనుతారు. అది మెత్తగా ఉంటుంది, లాగితే సాగుతుంది. అల్లికకు సాగే తోలు పనికిరాదు. గుర్తుపట్టడం ఎట్లా? అంచు కోసి చూడండి. లోపల గోధుమరంగు ఉంటే చెక్కతో ఊనింది. నీలం, బూడిద రంగు కనిపిస్తే మందుతో ఊనింది. రెండోది, వెన్ను వైపు తోలు తీసుకోండి. పశువు వెన్ను మీది తోలు గట్టిది. పొట్ట కింది తోలు వదులు. పొట్ట తోలుతో వారు కోస్తే ఇవాళ ఒక పొడుగు, రేపు ఒక పొడుగు. మరోసారి చెబుతున్నాను. చెక్కతో ఊనిన తోలు, వెన్ను వైపు తోలు.

ఇప్పుడు కోత దగ్గరికి వద్దాం.

మా పక్క ఊళ్లో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన ఉన్నాడు. నేను కాకా అని పిలుస్తాను. ఆయన నన్ను సారూ అంటాడు, వద్దన్నా వినడు. ఆయన దగ్గర మొత్తం సామాను ఒక గోనెసంచిలో పడుతుంది. తోలు కోసే రంపె, కన్నాలు పొడిచే ఆరె, ఒక సాన రాయి, చింత మొద్దు కోసి చేసిన దిమ్మ, ఆముదం సీసా. ఇంతే. నేను పొడుగ్గా వారు కావాలంటే పొడుగాటి తోలు కావాలనుకున్నాను. ఆయన నవ్వి ఒక గుండ్రటి ముక్క తీశాడు. మన ఇళ్లలో జొన్నరొట్టె ఎంత ఉంటుందో అంత. "దీంట్లకెళ్లి ఎంత వారు ఎల్తదో చెప్పు సారూ" అన్నాడు. నేను ఓ గజమేమో అన్నాను.

ఆయన రంపెను దిమ్మలో నిలువుగా గుచ్చాడు. పదును తన వైపు. తోలు ముక్క అంచును తడిగుడ్డతో ఒకసారి తుడిచాడు. అంచు మీద చిన్న గాటు పెట్టి, ఆ గాటును పదునుకు ఆనించి, ఎడమ బొటనవేలి గోరును పదునుకు ఇవతల అడ్డం పెట్టాడు. గోరుకూ పదునుకూ మధ్య ఎంత సందు ఉంటే వారు అంత వెడల్పు. స్కేలు లేదు, గీత లేదు. గోరే కొలత. ఇక కుడిచేత్తో వారును లాగుతూ పోయాడు. కత్తి కదలలేదు, తోలే కదిలింది. ముక్క గుండ్రంగా తిరుగుతూ, చుట్టు చుట్టుకూ చిన్నదవుతూ, వారు ఒళ్లో కుప్ప పడుతూ పోయింది. సుమారు అర సెంటీమీటరు వెడల్పు వారు. చివరికి నడుమ రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్ద ముక్క మిగిలింది. వారును మూరలేసి చూస్తే ఆరు మీటర్లకు దగ్గరగా తేలింది. ముక్క వైశాల్యాన్ని వారు వెడల్పుతో భాగించి చూసుకోండి, ఇంచుమించు అంతే రావాలి. బళ్లో వృత్తం వైశాల్యం నేర్పుతాం గదా, ఇదే ఉదాహరణ చెబితే ఏ పిల్లవాడూ మరిచిపోడు.

"జడ ఎవ్వలైనా అల్లుతరు సారూ. మా ఇంట్ల ఆడోళ్లు రోజూ అల్లుతరు. వారు కోసుడే అసలు పని" అన్నాడాయన. నేను మీకు మొదట్లో చెప్పిన మాట ఆయనదే.

కోసిన తర్వాత ఇంకో పని ఉంది. ప్రతి వారునూ ఒక కొస కొక్కేనికి తగిలించి గట్టిగా లాగాలి. సాగేదంతా ఇప్పుడే సాగిపోవాలి. లాగితే బలహీనమైన చోటు బయటపడుతుంది. తెగితే ఇప్పుడే తెగనివ్వండి, అల్లిన తర్వాత తెగితే పనంతా వృథా. లాగినప్పుడు వెడల్పులో తేడాలు వస్తాయి. వాటిని మళ్లీ సరిచేసుకోవాలి. ఆ తర్వాత వారు అంచులను ఏటవాలుగా చెక్కాలి. అంచులు చెక్కితే పాయ మీద పాయ ఒదిగి కూర్చుంటుంది. చెక్కకపోతే అల్లిక మెట్లు మెట్లుగా వస్తుంది. ఈ అంచులు చెక్కడంలోనే పనివాడెవరో, సరదావాడెవరో తెలిసిపోతుంది. నావి ఇప్పటికీ మెట్లే.

మరి మొదటిసారి మొదలుపెట్టేవాళ్లు ఇంత ఖరీదైన తోలును పాడు చేసుకోవాలా? అక్కర్లేదు. ముందు దారంతో నేర్చుకోండి. దారానికి కరువు లేని చోటు కదా మనది! సిరిసిల్ల అంటేనే మరమగ్గాలు. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరలు నేసిన ఊరు. ఏ వాడలోకి వెళ్లినా నూలు కండెలు కనిపిస్తాయి. చిటికెన వేలిలో సగం లావు ఉండే నూలు తాడు నాలుగు రంగుల్లో తీసుకోండి. విదేశాల్లో కూడా ఇదే చేస్తున్నారు. అక్కడ నైలాన్ తాళ్లతో మొదలుపెట్టి, చేయి కుదిరాక తోలులోకి వస్తారు.

ఇప్పుడు అల్లిక చెబుతాను. కాగితం, కలం అక్కర్లేదు. చెవులు చాలు. మెల్లగా చెబుతాను.

నాలుగు తాళ్లనూ పైన ఒక ముడి వేసి కిటికీ ఊచకు కట్టండి. కుడి పక్క రెండు, ఎడమ పక్క రెండు. సరేనా? ఇప్పుడు అన్నిటికంటే కుడి చివర ఉన్న పాయను పట్టుకోండి. దాన్ని వెనక నుంచి తీసుకుపోండి. పక్కనున్న రెండు పాయల వెనక నుంచి. ఆ రెండూ దాటాక ముందుకు తెండి. ముందుకు వచ్చిందా? ఇప్పుడు అది మళ్లీ తన దిక్కుకే తిరిగి రావాలి. వచ్చేటప్పుడు ఒకే ఒక్క పాయ మీదుగా రావాలి. చూడండి, మళ్లీ కుడి పక్క రెండు, ఎడమ పక్క రెండు అయ్యాయి. ఇప్పుడు ఎడమ చివరి పాయ. అదే పని. వెనక నుంచి రెండు దాటి, ముందుకు వచ్చి, ఒకదాని మీదుగా తన దిక్కుకు. మళ్లీ కుడి. మళ్లీ ఎడమ.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, వెనక రెండు, ముందు ఒకటి. వెనక రెండు, ముందు ఒకటి. ఇది నోట్లో పెట్టుకోండి. చేయి దానంతట అదే కదులుతుంది. అరచేయంత పొడుగు అల్లాక చూస్తే జడలాగా బల్లపరుపుగా ఉండదు, గుండ్రంగా తాడులా వస్తుంది. అట్లా వచ్చిందంటే మీరు సరిగ్గా అల్లుతున్నట్టే. పలకలా వచ్చిందంటే ఎక్కడో వెనక రెండు బదులు ఒకటే దాటించారు. విప్పేయండి, మళ్లీ మొదలుపెట్టండి.

తాడు పొడుగు ఎంత ఉండాలని అడుగుతారు. అల్లిక పొడుగుకు కనీసం ఒకటిన్నర రెట్లు. రెండు గజాల చెర్నకోల కావాలంటే మూడు గజాల పాయలు. ఇంకాస్త ఎక్కువే ఉంచుకోండి, తక్కువైతే అతకడం పెద్ద తలనొప్పి.

నాలుగు పాయలు వచ్చాక ఆరు, ఎనిమిది, పన్నెండు పాయలకు పోవచ్చు. పెద్ద కొరడాల్లో పిడి దగ్గర పన్నెండు పాయలతో మొదలుపెట్టి, కొస వైపు పోతూ ఒక్కో పాయను లోపలికి తోసి దాచేస్తూ, చివరికి నాలుగుకు తెస్తారు. పాయలు తగ్గితే లావు తగ్గుతుంది కదా. లోపల కూడా ఖాళీ ఉండదు. ఒక అల్లిక మీద ఇంకో అల్లిక వేస్తారు. పైకి కనిపించేది ఒకటే. బరువు, వంపు, ఆ చెళ్లుమనే గుణం అన్నీ లోపలి అల్లిక నుంచే వస్తాయి. అల్లడం అయిపోయాక కొరడాను నేల మీద పెట్టి, పైన చెక్క పలక పెట్టి, అప్పడాల పిండి దొర్లించినట్టు దొర్లిస్తారు. పాయలు సర్దుకుని నున్నగా అవుతాయి. ఆపైన ఆముదం. చెప్పులకు ఆముదం రాయడం మన తాతలకు తెలిసిందే. మరీ ఎక్కువ రాస్తే తోలు సోలిపోతుంది, వేళ్లకు అంటిన తడి చాలు.

కొసన మాత్రం తోలు ఉండదు. దారం పేని కుచ్చులా కడతారు. అసలు చప్పుడు పుట్టేది ఆ దారం దగ్గరే. అది త్వరగా పీలికలవుతుంది. అయితే పారేసి కొత్తది కట్టుకోవాలి. తోలును కాపాడేది అదే. మా ఊళ్లో మగ్గాల దగ్గర మిగిలిపోయిన నూలు ఈ పనికి బంగారం. పత్తి నూలైతే చప్పుడు మెత్తగా, పాలిస్టర్ అయితే పదునుగా వస్తుందని నా చెవులకు అనిపించింది. మీ చెవులకు ఏమనిపిస్తుందో చూసుకోండి.

ఈ పనికి ప్రపంచంలో మంచి పేరున్న దేశం ఆస్ట్రేలియా. అక్కడ గుర్రాల మీద పోతూ వేల పశువులను మళ్లించేవాళ్లుంటారు. మన చెర్నకోల లాగే వాళ్లూ ఎక్కువగా చప్పుడుతోనే మళ్లిస్తారు. వాళ్ల కొరడాలు కంగారూ తోలుతో అల్లుతారు. కంగారూ తోలు పలచన, కానీ చాలా గట్టిది. ఎంత సన్నగా కోసినా తెగదు. మీలో ఇంగ్లీషు సినిమాలు చూసేవాళ్లకు ఇండియానా జోన్స్ తెలిసే ఉంటుంది. 1981లో వచ్చిన మొదటి సినిమాలో ఆ వీరుడి నడుముకు వేలాడే కొరడా అల్లింది డేవిడ్ మోర్గన్ అనే అమెరికన్. ఆయన అంతకు ముందే, 1972లో, కొరడాల మీద, కొరడాలు చేసే విధానం మీద ఒక పుస్తకం కూడా రాశాడు. ఆ సినిమా చూసి సరదా పుట్టినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఇంజినీర్లు, డాక్టర్లు, రిటైరైన వాళ్లు సాయంత్రం పూట కూర్చుని వార్లు కోసుకుంటారు. ఆ దేశాల్లో కొరడాలు చేసేవాడికి కళాకారుడని పేరు. పుస్తకం రాస్తే కొనుక్కుని చదువుతారు. మా కాక పేరు ఆయన పక్క వీధిలోనే సగం మందికి తెలియదు. పని మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఇక జాగ్రత్తలు. వీటిని తేలిగ్గా తీసుకోకండి. చెర్నకోల తిప్పడం నేర్చుకునేవాడికి మొదటి దెబ్బలు తనకే తగులుతాయి. వీపు మీద, చెవి మీద. కొస కంటికి తగిలిందంటే కన్ను పోతుంది. అందుకని కళ్లద్దాలు లేకుండా తిప్పొద్దు. నిండు చేతుల చొక్కా వేసుకోండి, తలకు రుమాలు చుట్టండి. నాలుగు దిక్కులా ఎవరూ లేని ఖాళీ చెలకలోనే తిప్పండి. పిల్లలు దగ్గర్లో ఉంటే చుట్టి పక్కన పెట్టేయండి. కళ్లద్దాలు, ఖాళీ చెలక. ఈ రెండు లేకుండా వద్దు.

పశువుల మీద వాడొద్దని వేరే చెప్పాలా? వేములవాడ రాజన్నకు కోడె మొక్కులు కట్టే జనం మనం. గుడి చుట్టూ కోడెను తిప్పి దండం పెట్టే చేతులు ఇవి. పశువును కొట్టి హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. చట్టం సంగతి అటుంచి, మంచి చెర్నకోలకు ఆ అవసరమే లేదు. చప్పుడు గాలిలో పుడుతుందని ఇందాకే చెప్పుకున్నాం కదా.

చివరగా ఒక విన్నపం. ఈ ప్రసంగం విని ఎవరికైనా ఉత్సాహం కలిగితే, ముందు ఫోన్లో వీడియోలు చూడకండి. తర్వాత చూడొచ్చు. ముందు మీ ఊళ్లో, కోరుట్లలోనో, జగిత్యాలలోనో, సిరిసిల్ల బస్టాండు పక్కనో, చెప్పులు కుట్టే పెద్దమనిషి దగ్గరికి వెళ్లండి. నిలబడి అడగకండి. ఆయన పక్కన గోనెపట్టా మీద కూర్చుని అడగండి. కాకా అనో, తాతా అనో పిలవండి. చాలామంది ముందు నమ్మరు. "మీకెందుకు సారూ ఈ పని" అంటారు. రెండోసారి వెళ్లండి. వార్లు కోసిన రోజులు గుర్తున్నవాళ్లు ఇక ఎంతోమంది లేరు, ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. వాళ్ల పిల్లలు వేరే పనుల్లోకి పోయారు, పోవడమే మంచిది కూడా. ఆ పని వాళ్ల నెత్తిన మళ్లీ పెట్టాలని నేను అనడం లేదు. కానీ ఆ చేతుల్లోని విద్య ఆ చేతులతోనే పోనివ్వకండి.

ఇంకొక్క మాట. నేర్చుకున్న రోజుకు కైకిలి ఇవ్వండి. ఊరికే నేర్పించుకోవద్దు. ఊరికే చేయించుకున్న కాలం ఈ నేల మీద చాలా నడిచింది. ఆయన ఆ పూట చెప్పులు కుట్టుకుంటే ఎంత వచ్చేదో అంతకు తక్కువ కాకుండా, ముందుగా, చేతిలో పెట్టండి. ఎవరైనా మీ చెర్నకోల చూసి ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, ఆయన పేరు చెప్పండి.